మందు ఇవ్వాలా వద్దా: ఎనిమిదేళ్ళుగా ఏడీహెచ్‌డీ మాత్ర ఇస్తున్న తల్లిగా నా సమాధానం

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 8 ఏళ్ళ బాబు, మూడు నెలల క్రితం ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం) అని తేలింది, ఇప్పుడు డాక్టర్ మందు మొదలుపెడదామంటున్నారు. మీవారికి ఇష్టం లేదు. మీ అత్తగారేమో "మగపిల్లాడన్నాక ఆమాత్రం అల్లరి చెయ్యడా" అంటున్నారు. మందు ఇస్తే వాడు మొద్దుబారిపోతాడేమో, దానికే అలవాటు పడిపోతాడేమో, జీవితాంతం మింగాల్సి వస్తుందేమో అని మీకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఇవ్వకపోతే తప్పు చేస్తున్నానేమో అన్న భయం ఇంకోవైపు.

నేను డాక్టర్ని కాను. మా అబ్బాయికి ఇప్పుడు 16 ఏళ్ళు. వాడికి ఏడో ఏట తేలింది, ఎనిమిదో ఏట మందు మొదలుపెట్టాం. మధ్యలో ఒక ఏడాది ఎటూ తేల్చుకోకుండా గడిపేశాం. ముందు ఆ ఏడాది గురించే చెప్తాను, ఎందుకంటే మీరిప్పుడు సరిగ్గా అక్కడే ఉన్నారు.

ఆ ఏడాదికి మేం పెట్టుకున్న పేరు "కొన్నాళ్ళు చూద్దాం". వాడి మంచికోసమే ఆగుతున్నామని అందరికీ చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఆలోచిస్తే ఆగింది మాకోసమేననిపిస్తుంది. పసివాడికి మెదడు మాత్రలు మింగించే అమ్మానాన్నలు అనిపించుకోవడం మాకు కష్టంగా ఉండేది. ఆ కష్టాన్ని వాడి మీద ప్రేమ అనుకున్నాం.

ఒక సాయంత్రం బాగా గుర్తుంది. పది లైన్లు చూసి రాయాలి, అదే హోంవర్క్. వాడు రాస్తున్నాడు, చెరుపుతున్నాడు, మళ్ళీ రాస్తున్నాడు. మూడో లైన్లో ఒక మాట దగ్గర ఎంతలా రుద్దాడంటే కాగితానికి చిల్లు పడింది. నేను చూస్తానని ఆ చిల్లు మీద అరచెయ్యి పెట్టి కప్పేశాడు. "చెయ్యి తియ్యి నాన్నా" అన్నాను. తియ్యలేదు. కాసేపటికి తల వంచుకునే అన్నాడు, "నాకు బాగా రాయాలనే ఉందమ్మా. నేను ఆలోచించేలోపే చెయ్యి వెళ్ళిపోతోంది" అని. అప్పటికి గంటన్నరగా నేను వాణ్ణి శ్రద్ధ లేదు, శ్రద్ధ లేదు అని తిడుతూనే ఉన్నాను. శ్రద్ధ లేనివాడు కాగితం చిల్లు పడేదాకా చెరపడు కదా! ఆ రోజు నుంచి ఆ మాట వాడి విషయంలో మళ్ళీ వాడలేదు.

ఆ ఏడాదిలోనే పుట్టినరోజులకి వాణ్ణి పిలవడం మానేశారు. క్లాసులో చివరి బెంచీకి, తర్వాత గోడ పక్కన ఒంటరి సీటుకి మార్చారు. ఒకసారి స్నానం చేయిస్తుంటే "నేను చెడ్డవాణ్ణి కదమ్మా" అని మామూలుగా, టైమెంత అయిందని అడిగినంత మామూలుగా అడిగాడు. మందు డబ్బాలో సైడ్ ఎఫెక్ట్స్ రాసిన కాగితం ఒకటి మడతపెట్టి ఉంటుంది. దాన్ని నేను పదిసార్లు చదివాను. మందు ఇవ్వకుండా ఉంటే ఏమవుతుందో రాసిన కాగితం మాత్రం ఎవరూ చేతికివ్వరు. మీరు ఆ రెండో కాగితం కూడా మీ మనసులో రాసుకుని, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అంతకు మించి ఎటువైపూ మిమ్మల్ని తొయ్యాలని నాకు లేదు.

అలాగని వెంటనే మొదలుపెట్టేయమని కాదు. ముందు తేలింది నిజంగా ఏడీహెచ్‌డీయేనా అన్నది గట్టిగా చూసుకోవాలి. మానసిక సమస్యల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎమ్-5 అనే పుస్తకం ప్రకారం ధ్యాస నిలవకపోవడానికి సంబంధించిన లక్షణాలు తొమ్మిది, కుదురు లేకపోవడం, ఆగలేకపోవడం కిందికి వచ్చేవి తొమ్మిది. పిల్లల్లో ఏదో ఒక వైపు కనీసం ఆరు ఉండాలి, ఆరు నెలలకు పైగా ఉండాలి, 12 ఏళ్ళ లోపే మొదలై ఉండాలి, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపించాలి. బడిలో మాత్రమే గోల చేస్తూ ఇంట్లో గంటసేపు కుదురుగా కథ వింటున్నాడంటే వేరే కారణం వెతకాలి. వినికిడి, చూపు, నిద్ర, చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది, మనసులో దాచుకున్న భయం, ఇవన్నీ బయటికి పరధ్యానంలాగే కనిపిస్తాయి. మూర్ఛలో ఒక రకం ఉంది, పిల్లాడు కొన్ని సెకన్లపాటు ఎటో చూస్తూ ఉండిపోతాడు, పిలిస్తే పలకడు. దాన్ని కూడా ధ్యాస లేదనుకునే ప్రమాదం ఉంది. ఇంకోటి, క్లాసులో అందరికన్నా చిన్నవాళ్ళకి ఏడీహెచ్‌డీ ముద్ర ఎక్కువగా పడుతోందని చాలా దేశాల్లో చూశారు. పదకొండు నెలల తేడా ఆ వయసులో చాలా పెద్ద తేడా. మీ వాడు క్లాసులో ఏ వైపు ఉన్నాడో డాక్టర్‌కి చెప్పండి. టీచర్ నింపిన ఫారం లేకుండా, పదిహేను నిమిషాల్లో పేరు పెట్టేసి ఉంటే మాత్రం ఇంకొక చైల్డ్ సైకియాట్రిస్ట్‌ని కలవడానికి మొహమాటపడకండి.

వయసు కూడా ముఖ్యం. మీ బాబుకి ఎనిమిది కాబట్టి సరిపోయింది. ఆరేళ్ళ లోపు పిల్లలైతే ముందు తల్లిదండ్రులకి శిక్షణ ఇవ్వాలని, పిల్లాడితో ఎలా మెలగాలో నేర్పాలని, అది సరిపోకపోతేనే మందు గురించి ఆలోచించాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఆరు దాటాక మందు, శిక్షణ రెండూ కలిపి అంటారు.

ఇక మీవారి ప్రశ్న. "అసలే ఎగురుతున్నవాడికి ఉత్తేజపరిచే మందు ఇవ్వడమేంటి" అన్నారని రాశారు. మా ఇంట్లోనూ సరిగ్గా ఇదే ప్రశ్న. స్టిమ్యులెంట్ అన్న పేరే అలా ఉంది మరి. మాకు డాక్టర్ చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను. మాస్టారు కుర్చీలో కునుకు తీస్తుంటే క్లాసు ఎలా ఉంటుంది? పిల్లలందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎగురుతారు. అక్కడ జోకొట్టాల్సింది పిల్లల్ని కాదు, లేపాల్సింది మాస్టారిని. మెదడు ముందుభాగం ఆ మాస్టారు. ఆగు, ముందు ఇది పూర్తి చెయ్యి, ఆ చప్పుడు పట్టించుకోకు అని చెప్పే పని దానిది. ఆ పనికి డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే రెండు రసాయనాలు కావాలి. నరకణాలు వాటిని విడుదల చేసి మళ్ళీ వెనక్కి లాగేసుకుంటాయి. ఈ పిల్లలకి ఎక్కువగా ఇచ్చే స్టిమ్యులెంట్ మందు మిథైల్‌ఫెనిడేట్ అలా వెనక్కి లాగేసుకోవడాన్ని నెమ్మది చేస్తుంది, దాంతో అవి ఇంకాసేపు పనిచేస్తాయి. అంటే ఇది మత్తుమందూ కాదు, నిద్రమాత్రా కాదు.

ఈ పిల్లల మెదడు ఎదుగుదల గురించి 2007లో వచ్చిన ఒక స్కానింగ్ పరిశోధన నన్ను చాలా కదిలించింది. మెదడు పైపొర మందం పూర్తిస్థాయికి చేరే వయసు మామూలు పిల్లల్లో సుమారు 7.5 ఏళ్ళయితే, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో 10.5 ఏళ్ళని తేలింది. దారి అదే, కానీ దాదాపు మూడేళ్ళు ఆలస్యం. వాడి ఈడు పిల్లల్ని చూపించి "వాడు చెయ్యగా లేంది నువ్వెందుకు చెయ్యవు" అని ఎన్నిసార్లు అన్నానో!

ఈ మందులు కొత్తగా పుట్టుకొచ్చినవి అనుకునేవాళ్ళు చాలామంది. 1937లో అమెరికాలో చార్ల్స్ బ్రాడ్లీ అనే డాక్టర్ తన దగ్గరున్న 30 మంది పిల్లలకి బెంజెడ్రిన్ అనే స్టిమ్యులెంట్ ఇచ్చి చూశాడు. వాళ్ళలో సుమారు సగం మంది చదువులో గట్టిగా మెరుగుపడ్డారు. ఆ పిల్లలే వాటికి లెక్కల మాత్రలు అని పేరు పెట్టుకున్నారట. మిథైల్‌ఫెనిడేట్‌ని 1944లో స్విట్జర్లాండ్‌లో తయారుచేశారు, 1950లలో వాడకంలోకి వచ్చింది. అంటే ఇవి వాడిన మొదటి పిల్లలు ఇప్పుడు ముసలివాళ్ళు. పిల్లల మందుల్లో ఇంతకాలంగా, ఇంత దగ్గరగా గమనించినవి తక్కువే.

అయినా మందు అన్నీ చేసేస్తుందనుకుంటే నిరాశపడతారు. అమెరికాలో 579 మంది పిల్లల మీద 14 నెలలపాటు జరిగిన ఎమ్‌టీఏ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. ధ్యాస, కుదురు లాంటి అసలు లక్షణాల్లో, జాగ్రత్తగా డోసు సరిచూస్తూ మందు ఇచ్చిన పిల్లలు, ప్రవర్తనా శిక్షణ మాత్రమే అందిన పిల్లలకన్నా ఎక్కువ మెరుగుపడ్డారు. మందు, శిక్షణ రెండూ అందినవాళ్ళకి కాస్త తక్కువ డోసే సరిపోయింది. మూడేళ్ళు గడిచాక చూస్తే ఆ గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి. అప్పటికి ఎవరి చికిత్స వాళ్ళు మార్చుకున్నారు, కొందరు మానేశారు, కొందరు కొత్తగా మొదలుపెట్టారు. దీన్నుంచి నేను తీసుకున్నదేంటంటే, మందు పనిచేసేది అది ఒంట్లో ఉన్న గంటల్లోనే. ఆ గంటల్లో వాడు ఏం నేర్చుకున్నాడు, ఎవరితో స్నేహం చేశాడు, ఎలా మాట్లాడటం అలవాటు చేసుకున్నాడు అన్నదే తర్వాత మిగులుతుంది. మాత్ర బ్యాగు సర్దదు. సర్దడం నేర్పితే వినే తీరిక వాడి బుర్రకి ఇస్తుంది, అంతే.

ఇప్పుడు మీ అసలు భయం. మొద్దుబారిపోతాడా?

మా వాడు మొద్దుబారాడు. దాచను. మొదట చిన్న డోసుతో మొదలుపెట్టారు, పొట్టి మాత్ర, మూడు నాలుగు గంటలు పనిచేసేది. మొదటివారం బడిలో కాస్త తేడా కనిపించింది. డోసు పెంచారు, ఇంకోసారి పెంచారు. మూడోవారం ఒక ఆదివారం మధ్యాహ్నం చూస్తే కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. అల్లరి లేదు, ప్రశ్నలు లేవు, చెల్లెలు జుట్టు లాగినా ఏమీ అనలేదు. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం వినగానే నా కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది. మావారు ఆ సాయంత్రమే డబ్బా తీసి అటకమీద పెట్టేశారు. నేను అడ్డుచెప్పలేదు.

మూడువారాల తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళి, తిట్టించుకోవడానికి సిద్ధమై, ఉన్నది ఉన్నట్టు చెప్పాం. ఆవిడ తిట్టలేదు. "వాడు మీ వాడిలా కనిపించకపోతే మందు పనిచేస్తోందని కాదు, డోసు ఎక్కువైందని. ఆ రోజే నాకు ఫోన్ చెయ్యాల్సింది" అన్నారు. మళ్ళీ కిందినుంచి మొదలుపెట్టాం. రెండో మెట్టు దగ్గర ఆగాం. అక్కడ వాడు వాడిలాగే ఉన్నాడు, అవే జోకులు, అవే ప్రశ్నలు, కాకపోతే అడిగిన ప్రశ్నకి జవాబు వినేదాకా ఆగేవాడు. ఆ తర్వాత కొన్ని నెలలకి పొద్దున ఒకసారి వేస్తే రోజంతా నెమ్మదిగా విడుదలయ్యే మాత్రకి మార్చారు. బడిలో మధ్యాహ్నం నర్సు దగ్గరికి వెళ్ళి అందరి ముందూ మింగే బాధ తప్పింది. ఇలా నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్ని నమలకూడదు, పొడి చెయ్యకూడదు. చేస్తే రోజంతటి డోసు ఒకేసారి వెళ్ళిపోతుంది. మాత్ర మింగలేని పిల్లాడైతే ముందే చెప్పండి, విప్పి మెత్తటి తిండి మీద చల్లుకునే క్యాప్సూల్స్ కూడా ఉన్నాయి.

కాబట్టి డోసు వెతుక్కునే ఆ నాలుగైదు వారాలే ముఖ్యం. పిల్లాడి బరువుని బట్టి లెక్కకట్టి ఇంత అని చెప్పేసే మందు కాదిది. ఒకే వయసు, ఒకే బరువున్న ఇద్దరికి వేర్వేరు డోసులు సరిపోతాయి. ఒక మందు పడకపోతే ఇంకోటి పడొచ్చు. నేను అప్పుడు ఒక పాత నోటుబుక్కులో రోజూ నాలుగు మాటలు రాసేదాన్ని: మాత్ర వేసిన టైము, లంచ్ డబ్బాలో ఎంత తిన్నాడు, ఎన్నింటికి నిద్రపోయాడు, ఆ రోజు నవ్వాడా. చివరిది డాక్టర్ అడిగింది కాదు, నేను పెట్టుకున్నది. కానీ డోసు సరిపోయిందో లేదో ఎక్కువసార్లు ఆ నాలుగో గడే చెప్పింది. టీచర్‌కి మందు మొదలుపెట్టిన తేదీ చెప్పకుండా పిల్లాడి లక్షణాలు ఎంతగా ఉన్నాయో టీచర్ గుర్తుపెట్టే వాండర్‌బిల్ట్ ఫారం లాంటిది ముందొకటి, నెల తర్వాత ఒకటి నింపించుకోవడం కూడా మంచి పద్ధతి. మన ఆశ కళ్ళకి గంతలు కడుతుంది, ఆవిడకి ఆ ఇబ్బంది లేదు.

సైడ్ ఎఫెక్ట్స్‌లో అన్నిటికన్నా ముందు కనిపించేది ఆకలి తగ్గడం. మధ్యాహ్నం లంచ్ డబ్బా మూత తియ్యకుండానే ఇంటికొచ్చేది. నేను మొదట బలవంతపెట్టాను, అది పొరపాటు. తర్వాత పొద్దున మాత్రకి ముందే కడుపునిండా పెట్టడం, మధ్యాహ్నం తిన్నంత చాలనుకోవడం, మందు దిగిపోయాక సాయంత్రం, రాత్రి అడిగినప్పుడల్లా పెట్టడం అలవాటు చేసుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి ఆవురావురుమంటూ వచ్చేవాడు. పోయిన తిండి అప్పుడు చాలావరకు తిరిగొచ్చేది.

ఎత్తు గురించి అడిగారు. కొంత ప్రభావం ఉంటుంది, లేదని చెప్పడం అబద్ధం. ఎమ్‌టీఏలో మూడేళ్ళు వరసగా మందు వాడినవాళ్ళు వాడనివాళ్ళకన్నా సగటున 2 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. అందుకే కొలుస్తూ ఉండాలి. బ్రిటన్ మార్గదర్శకాల్లో ఎత్తు ఆరు నెలలకోసారి, పదేళ్ళలోపు పిల్లల బరువు మూడు నెలలకోసారి, నాడి, బీపీ డోసు మార్చినప్పుడల్లా, ఆపైన ఆరు నెలలకోసారి చూడాలని ఉంది. మీ డాక్టర్ గ్రోత్ చార్టులో చుక్క పెట్టకుండా చీటీ మాత్రమే రాసిస్తుంటే మీరే గుర్తుచెయ్యండి. బరువు మరీ తగ్గుతుంటే సెలవుల్లో మందు ఆపి చూడటం లాంటి దారులు ఉన్నాయి, అడిగి చెయ్యండి.

గుండె విషయం మొదటి మాత్రకి ముందే తేల్చుకోవాలి. మీ ఇద్దరి తరఫున దగ్గరి బంధువుల్లో చిన్నవయసులో హఠాత్తుగా గుండె ఆగి పోయినవాళ్ళున్నారా? బాబు పరిగెడుతూ ఎప్పుడైనా సొమ్మసిల్లాడా? ఆయాసం, ఛాతీనొప్పి అన్నాడా? పుట్టుకతో గుండె లోపం ఏదైనా ఉందా? ఇవి డాక్టర్ అడగాలి. అడగకపోతే మీరే చెప్పండి. అవసరమైతే ఈసీజీ తీయిస్తారు. మామూలుగా ఈ మందులతో నాడి, బీపీ కొద్దిగానే పెరుగుతాయి.

నిద్ర ఆలస్యమవడం, తలనొప్పి, కడుపునొప్పి మొదటి వారాల్లో మామూలే, చాలామందిలో తగ్గిపోతాయి. కళ్ళు ఆర్పడం, మెడ విదిలించడం లాంటివి కొత్తగా మొదలైతే, లేనివి కనబడుతున్నాయన్నా, ఊరికే ఏడుస్తున్నా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకండి.

ఎవరూ ముందుగా చెప్పనిది ఇంకోటుంది, మందు దిగే వేళ. మా ఇంట్లో సాయంత్రం ఐదు నుంచి ఆరు. మందు ప్రభావం పోతున్న ఆ గంటలో పిల్లాడు మందు లేనప్పటికన్నా ఎక్కువ చిరాకు పడతాడు, చిన్నదానికి భోరున ఏడుస్తాడు. మందే పడలేదనుకుని చాలామంది ఇక్కడే ఆపేస్తారు. మేం ఆ గంటని ఖాళీగా వదిలేశాం. హోంవర్క్ లేదు, బడిలో ఏం జరిగిందన్న ప్రశ్న లేదు, బయట ఆడుకోవడమే. అది బాగా ఎక్కువగా ఉంటే డాక్టర్ డోసు వేళలు సర్దుతారు.

మిథైల్‌ఫెనిడేట్ పడకపోతే? 2018లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ పిల్లలకి మొదట ఇవ్వదగ్గది అదేనంది, కానీ అదొక్కటే కాదు. ఆంఫెటమిన్ రకాలు, అవీ స్టిమ్యులెంట్లే, కొన్ని దేశాల్లో వాడతారు. స్టిమ్యులెంట్ కానివాటిలో ఆటోమోక్సెటిన్ ఉంది. అది రోజూ వెయ్యాలి, పూర్తి ప్రభావం కనబడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, పదిరోజులకి పనిచెయ్యలేదని ఆపకూడదు. దాని డబ్బా మీద పిల్లల్లో ఆత్మహత్య ఆలోచనల గురించి హెచ్చరిక ఉంటుంది. అరుదే, కానీ మొదటి నెలల్లో పిల్లాడి మనసు మీద ఒక కన్నేసి ఉంచాలి. స్టిమ్యులెంట్ కాని మరో రెండు మందులు గ్వాన్‌ఫసీన్, క్లోనిడిన్ బీపీని తగ్గిస్తాయి, మగతగా ఉంటుంది, వాటిని ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగబాకుతుంది, కాబట్టి మావారిలా అటకమీద పెట్టే పని వాటితో అస్సలు చెయ్యకూడదు.

అలవాటు పడిపోవడం గురించి. డాక్టర్ చెప్పిన డోసులో నోటితో వేసుకునే పిల్లాడు దానికోసం అల్లాడడు. నిజానికి మా వాడికి రోజూ గుర్తుచెయ్యాల్సి వచ్చేది! చిన్నప్పుడు ఈ మందు వాడినందువల్ల పెద్దయ్యాక మత్తుపదార్థాల వైపు వెళ్ళడం పెరగదని ఏళ్ళ తరబడి పిల్లల్ని గమనించిన పరిశోధనల్లో తేలింది. కానీ మందు తప్పుదారి పట్టే అవకాశం నిజమే. మిథైల్‌ఫెనిడేట్ 1971 నాటి ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో గట్టి నియంత్రణ ఉన్న జాబితాలోనే ఉంది, అందుకే చీటీ లేకుండా ఇవ్వరు. పెద్ద క్లాసులకి వచ్చాక పరీక్షల ముందు "ఒకటివ్వరా" అని స్నేహితులు అడుగుతారు. మా వాణ్ణీ అడిగారు. అందుకే డబ్బా మా గదిలో తాళం వేసి ఉంటుంది, లెక్క నా దగ్గర ఉంటుంది. ఇవ్వకూడదని ఎందుకంటున్నానో వాడికి పన్నెండో ఏట కూర్చోబెట్టి చెప్పాను.

జీవితాంతమా అంటే, ముందే ఎవరూ చెప్పలేరు. కొందరికి పెద్దయ్యేకొద్దీ ఎగరడం తగ్గుతుంది, ధ్యాస ఇబ్బంది ఎంతోకొంత మిగులుతుంది. ఏడాదికోసారైనా ఇంకా అవసరమా అని చూసుకోవాలి. ఇది పెళ్ళి కాదండీ, రేపు మొదలుపెట్టి నెల తర్వాత డాక్టర్‌తో మాట్లాడి ఆపెయ్యొచ్చు. ఈ మాట నాకు ఆ రోజుల్లో ఎవరైనా చెప్పి ఉంటే ఏడాది పట్టేది కాదు.

మీవారి గురించి ఒక మాట. ఆయన మొండికేస్తున్నారని రాశారు, నాకలా అనిపించలేదు. మావారూ అలాగే అనేవారు. చాన్నాళ్ళకి ఒకరోజు "చిన్నప్పుడు నేనూ ఇంతే కదా, నన్నెవరూ మందుల్లో పెట్టలేదు కదా" అన్నారు. అప్పుడర్థమైంది, కొడుక్కి పేరు పెడితే ఆ పేరు తనకీ తగులుతోందని. ఇది వంశంలో బాగా దిగే విషయమే, కవలల మీద చేసిన పరిశోధనల్లో 70 నుంచి 80 శాతం జన్యువుల వల్లేనని లెక్కకట్టారు. వాదించడం మానేసి, చిన్నప్పుడు బడి ఎలా ఉండేదో అడిగాను. ఆ రాత్రి ఆయన చెప్పినవి పెళ్ళయిన పదేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. మీవారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఆయన ప్రశ్నలు ఆయన్నే అడగనివ్వండి. అత్తగారికి మాత్రం అన్నీ చెప్పి ఒప్పించాలనుకోకండి. మా అత్తగారికి నేను సంజాయిషీలు ఇవ్వడం మానేశాక, వాడు ఆవిడ దగ్గర కూర్చుని చదరంగం ఒక ఆట పూర్తిగా ఆడిన రోజు ఆవిడే ఇంకేమీ అనలేదు.

బాబుకి ఏం చెప్పాలన్నది మీరు అడగలేదు, కానీ అదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. దయచేసి విటమిన్ మాత్ర అని చెప్పకండి. మేం చెప్పాం. రెండేళ్ళకి డబ్బా మీద పేరు చదివి తెలుసుకుని "నాకేమైనా పెద్ద జబ్బా, అందుకే దాచారా" అని అడిగాడు. "నీ బుర్ర చురుకైందే, ఆగమన్నప్పుడు ఆగడానికి దానికి కొంచెం సాయం కావాలి, కళ్ళజోడు పెట్టుకున్నట్టు" అని మొదటిరోజే చెప్పి ఉంటే సరిపోయేది. ఇంకోటి, వాడు మంచిపని చేసినప్పుడు "మందు బాగా పనిచేసింది" అనకండి, అల్లరి చేస్తే "మాత్ర వేసుకున్నావా లేదా" అనకండి. మంచి చేసింది వాడు. మావారి నోట ఆ రెండో మాట ఒకసారి వచ్చింది. వాడు ఆ రోజంతా మాతో మాట్లాడలేదు.

పద్నాలుగో ఏట వాడే మానేస్తానన్నాడు. డాక్టర్ సరేనన్నారు, పరీక్షలు లేని ఒక నెల చూసుకుని ఆపాం. నేను పళ్ళ బిగువున ఊరుకున్నాను, ఒక్కమాట అనలేదు. మూడోవారంలో వాడే వచ్చి, "ఫుట్‌బాల్‌కి అక్కర్లేదమ్మా, లెక్కలకీ అన్నం దగ్గర నాన్నతో మాట్లాడ్డానికీ కావాలి" అన్నాడు. ఇప్పుడు బడి ఉన్న రోజుల్లో వేసుకుంటాడు, సెలవుల్లో చాలాసార్లు వేసుకోడు. ఎప్పుడు ఎంత అన్నది డాక్టర్‌తో వాడే మాట్లాడుకుంటాడు, నేను పక్కన కూర్చుని వింటాను.

వచ్చే వారం అపాయింట్‌మెంట్ అన్నారు కదా. టీచర్ ఫారం, రెండువైపులా గుండె జబ్బుల చరిత్ర, బాబు ఇప్పటి ఎత్తు బరువు, రాత్రి ఎన్నింటికి నిద్రపోతున్నాడో రాసుకుని వెళ్ళండి. డోసు ఎక్కువైతే ఎలా తెలుస్తుంది, అలా అనిపించిన రోజు ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి అని మందు చీటీ చేతిలోకి తీసుకునే ముందే అడగండి. మొదటి మాత్ర శనివారం పొద్దున వెయ్యండి, ఇద్దరూ ఇంట్లో ఉండి రోజంతా వాణ్ణి చూసేలా.